అమ్మ చెప్పానన్న మాట

నా గడ్డం కింద మొదటి వెంట్రుకను చూసింది నేను కాదు, నాతో బడికి వచ్చే ఒక పిల్ల. అప్పుడు నాకు పద్నాలుగో ఏడు. మధ్యాహ్నం బడి మెట్ల మీద కూర్చుని చిత్రాన్నం తింటున్నాం. ఆ పిల్ల నా మొహంలోకి వంగి చూసి, "ఏమో అంటుకోని ఉండాది నీకు" అని గోళ్ళతో పట్టి లాగింది. అది ఊడి రాలేదు, చర్మంతో పాటు సాగింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని, నా వైపు చూడకుండా తన అన్నం తాను తినేసి లేచిపోయింది. మరునాటి నుంచి వేరే మెట్టు మీద కూర్చుంది.

ఏడాది తిరిగేసరికి గడ్డం కింద పదీ పన్నెండు, పై పెదవి మీద సన్నగా ఒక నల్లని చార వచ్చాయి. అప్పుడు మేము కాటన్‌పేటలో ఉండేవాళ్ళం. కింద నాన్న నూలు అంగడి, పైన మా ఇల్లు. యుద్ధం నడుస్తోంది. నూలు దొరక్క నాన్న రోజంతా ఎవరెవరి దగ్గరికో తిరిగేవాడు. ఇంట్లో ఆయన కంట పడకుండా ఉండడం పెద్ద కష్టం కాదు. వీధిలో వాళ్ళతోనే కష్టం. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. పంటి నొప్పా అని అడిగేవాళ్ళు. అవునని చెప్పేదాన్ని.

ఒకనాడు అమ్మ నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి, గడియ వేసి, కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టింది. అంగడి నుంచి తెచ్చిన నూలు పోగు ఒక కొసను పళ్ళ మధ్య పట్టుకుంది. మిగతా పోగును రెండు చేతుల వేళ్ళకు మెలిపెట్టి నా పెదవి మీద ఆడించింది. చీమలు కుట్టినట్టు మంట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అమ్మ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. వెంట్రుకలు వరసగా ఊడి వచ్చేశాయి. తర్వాత పచ్చి పాలలో కస్తూరి పసుపు కలిపి రాసింది.

"ఇది యాడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను.

"యాడనో చూసినా. కదలొద్దు."

"మనోళ్ళల్లో ఇంకెవరికన్నా ఉండాదా ఇట్ల?"

అమ్మ పోగును మళ్ళీ పళ్ళ మధ్యకు తెచ్చుకుంటూ, "మనోళ్ళల్లో ఎవురికీ లేదు. నీకెందుకు వచ్చిందో దేవునికే తెలియాల" అంది.

ఆ మాట నాలో ఉండిపోయింది. అమ్మను కన్న అవ్వ, అత్తలు, పెద్దమ్మలు, వాళ్ళ కూతుళ్ళు అందరి మొహాలూ తలుచుకునేదాన్ని. పెళ్ళిళ్ళకు పోతే తాంబూలాలు పంచుతూ ఒక్కొక్కరి గడ్డం వైపే చూసేదాన్ని. అందరివీ నున్నగా ఉండేవి. నా ఒక్కదాని వల్లనే ఇంట్లో ఏదో పొరపాటు జరిగిందని నమ్మేశాను.

పదహారో ఏట ఒక పిచ్చి పని చేశాను. పేటలో మూలికలు, దినుసులు అమ్మే అంగడికి ఒంటరిగా పోయి, వెంట్రుకలు రాలే మందు కావాలని అడిగాను. మా అవ్వ కాళ్ళకు కావాలన్నానని గుర్తు. అంగడాయన పసుపుపచ్చని పొడి ఒకటి, సున్నం ఒకటి వేరువేరుగా కట్టి ఇచ్చి, నీళ్ళలో కలిపి పూసి వెంటనే కడిగెయ్యమన్నాడు. వెంటనే కడిగితే ఏం పని చేస్తుందని నేను అలాగే ఉంచుకున్నాను. పెదవి పైన తోలు లేచిపోయింది. అమ్మ వారం రోజులు పక్కనే కూర్చుని వెన్న రాసి, విసనకర్రతో విసిరింది. ఒక్క తిట్టు తిట్టలేదు. నాన్నకు వేడి అన్నం గంజి పడిందని చెప్పింది. ఆ పుండు మానేదాకా బడికి పోలేదు. మానాక కూడా పోలేదు. ఆ రోజుల్లో అమ్మంత నా మేలు కోరేవాళ్ళు ఇంకెవరూ లేరనుకున్నాను. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, నేను ఆమెను ఎంతగా నమ్మానో తెలియాలి.

యుద్ధం అయిపోయిన ఏడు మడివాళ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మిల్లు ఆఫీసులో గుమాస్తా. తండ్రి లేడు, తల్లీ కొడుకూ ఇద్దరే. మడివాళ అప్పుడు ఊరికి దూరంగా, కూరగాయల తోటల మధ్య ఉన్న పల్లె. వాళ్ళు చూడ్డానికి వచ్చిన నాటి పొద్దున అమ్మ నా మొహం మీద పోగు ఆడించి, పసుపు పట్టించి, నలుగు పెట్టి కడిగింది. వాళ్ళకు నేను నచ్చాను. ఆ తల్లి పోయేటప్పుడు నా తల నిమిరి పోయింది.

ఆ సాయంత్రం నేను అమ్మతో అన్నాను. "వాళ్ళకు చెప్పల్ల."

"ఏం చెప్పల్ల?"

"నా మొగం సంగతి. చెప్పకుండా నేను పోను. అక్కడ కూడా వారం వారం గడియేసుకోని కూర్చోవల్లంటే నా చేత కాదమ్మా. తెలిసి చేసుకుంటే చేసుకోనీ, లేకపోతే వద్దు."

అమ్మ వాదించింది. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు అమ్మ జట్కా మాట్లాడుకుని మడివాళకు పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "చెప్పేసినా" అంది.

"ఏమనింది ఆయమ్మ?"

"దానికేముండాది, పసుపు పూసుకుంటా ఉంటే అదే తగ్గిపోతాది అనింది. నవ్వింది కూడా."

"ఆయనకు?"

"కొడుకుతో తానే చెప్తాననింది. నువ్వింగ నిమ్మళంగా ఉండు పాపా."

నేను వెనక గదిలోకి పోయి ఏడ్చాను. దుఃఖం కాదు అది. నాలుగేళ్ళుగా గుండెల మీద ఉన్నది ఎవరో ఎత్తి కింద పెట్టినట్టుంది. ఒక్కసారి మాత్రమే చూసిన ఆ అబ్బాయి తల్లి మీద నాకు అంత ప్రేమ పుట్టింది. నవ్వింది కూడా అన్న మాట పదే పదే తలుచుకునేదాన్ని. ఎలా నవ్వి ఉంటుందో ఊహించుకునేదాన్ని. పెళ్ళిలో ఆమె కాళ్ళకు మొక్కినప్పుడు, అక్కడున్న పెద్దలందరిలోకీ ఆమెకే మనసారా మొక్కాను.

కాపురానికి పోయిన పన్నెండో రోజు అది. ఆయన ఆఫీసుకు వెళ్ళారు. పెరటి వసారాలో ఎండ బాగా పడుతోంది. రుబ్బురోలుకు అద్దం ఆనించి, పోగు ముడి వేసి మెలిపెట్టి, నేను గడ్డం పని మొదలుపెట్టాను. నా జన్మలో అంత వెలుతురులో, గాలిలో కూర్చుని ఆ పని చెయ్యడం అదే మొదలు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాను. అత్తమ్మ చేటలో బియ్యం పట్టుకుని వచ్చింది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"పోగుతో తీసుకుంటా ఉండా అత్తమ్మా. వారం దాటింది కద, మళ్ళా వచ్చినాయి."

"ఏం వచ్చినాయి?"

నేను నవ్వాను. ఆమె నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. "అదే, మా అమ్మ వచ్చి చెప్పింది కద మీకు."

"మీ అమ్మ లగ్నం దినం మాట్లాడేకి వచ్చింది. ఇంగేమీ చెప్పలేదే."

ఆమె చేట కింద పెట్టి, నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని మొహం ఎండ వైపు తిప్పింది. ఆమె వేళ్ళకు బియ్యపు నూక అంటుకుని గరుకుగా ఉంది. చాలా సేపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేండ్లు."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు సులభంగా ఉండేది. "నన్నడిగుంటే సరే అనేదాన్నేమో, వద్దనేదాన్నేమో. అది నేను చెప్పల్ల. నాకు నోరు తెరిచే దోవే లేకుండా చేసినారు తల్లీ కూతుళ్ళు ఇద్దరూ" అంది.

తల్లీ కూతుళ్ళు ఇద్దరూ. ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను. నాకు తెలీదని, అమ్మ చెప్పేశానంటే నమ్మానని, మీరు నవ్వారని కూడా చెప్పిందని, ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయాను. చెప్పే కొద్దీ అది నా చెవులకే కట్టుకథలా వినిపించింది. ఆమె చేట తీసుకుని లోపలికి పోయింది.

సాయంత్రం ఆయన సైకిలు గోడకు ఆనించక ముందే ఆమె విషయం చెప్పేసింది. ఆయన లోపలికి వచ్చి నన్ను ఒకటే అడిగారు.

"మాకు చెప్పలేదని నీకు తెలుసా తెలీదా?"

"తెలీదు. చెప్పినానని అమ్మ నాతో అనింది."

"కన్నతల్లి నీతో అబద్ధం చెప్తాదా?"

ఆ పొద్దుటి దాకా నన్నెవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే, చెప్పదనే అనేదాన్ని నేను కూడా.

మరునాటి నుంచి ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా భుజం వైపు చూసి మాట్లాడేవారు. నీళ్ళు కావాలన్నా, అన్నం చాలన్నా భుజంతోనే. అత్తమ్మ పనులు చెప్పేది, తిండి పెట్టేది, అంతకు మించి ఒక్క మాట లేదు. వారం రోజులు చూసి, ఆమే అంది. "పోయి మీ అమ్మనడిగి రా. నాకు కాదు, నీకు తెలియాల."

జట్కాలో కాటన్‌పేటకు పోయాను. నాన్న అంగట్లో ఎవరితోనో మాట్లాడుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. మెట్లెక్కి వంటింట్లోకి పోతే అమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది.

"నువ్వు వాళ్ళకు చెప్పలేదమ్మా."

ఆమె చేతిలో కట్టె ఆగలేదు. "చెప్పుంటే ఆ సంబంధం నిలుస్తాదా?"

"మరి నాతో యాల చెప్పినావు, చెప్పేసినానని?"

"నువ్వు ఒప్పుకోవల్ల కద."

అంత మామూలుగా అంది. ఉప్పు వేశావా అంటే వేశానన్నట్టు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"వాళ్ళు నన్ను మోసగత్తెను అనుకుంటా ఉండారు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. దానికేమీ తెలీదు, నేనే దాచినా అని చెప్పు. అంతే చాలు."

"నేనట్ల చెప్తే నన్నేమనుకుంటారు?"

"నన్నేమనుకున్నా పరవా లేదా?"

అమ్మ అప్పుడు కట్టె పక్కన పెట్టింది. "దినాలు పోతే అన్నీ సర్దుకుంటాయి పాపా. జాగ్రత్తగా ఉంటే ఎవురికీ తెలీదు. నువ్వు ఎండలో కూర్చుంటివి. అట్ల కూర్చుంటారా ఎవురన్నా? నేను ఇరవై ఐదేండ్లు కాపురం చేసినా, మీ నాయనకు ఇంతవరకు..."

అక్కడ ఆగిపోయింది. నేను ఆమె మొహం చూశాను. ఆమె దాచుకోవాలనుకోలేదో, అలసిపోయిందో, మెడ చుట్టూ ఎప్పుడూ ఉండే కొంగును తీసి కిటికీ వైపు తల ఎత్తింది. దవడ కింద, గొంతు దాకా, ఎన్నో ఏళ్ళు పీకగా పీకగా గుంటలు పడిన చర్మం. మధ్యలో రెండు మూడు రోజుల మోళ్ళు.

నాకు ఒక్కొక్కటే అర్థమైంది. నా పెదవి మీద మొదటిసారి కూడా తప్పని ఆ చెయ్యి. తెల్లవారుజామునే, అందరికంటే ముందు, నీళ్ళ హండా దగ్గర తలుపు వేసుకుని ఆమె చేసే గంటసేపటి స్నానం. మొహానికి పసుపు అంత మందంగా పట్టించుకోవడం.

"అవ్వకు?" అని అడిగాను.

"ఆమెకూ ఉండేది. ఆమే నాకు నేర్పింది."

"మనోళ్ళల్లో ఎవురికీ లేదంటివి."

"చెప్తే ఏమొచ్చేది? ఇద్దరం కూర్చోని ఏడ్చేవాళ్ళం."

"ఏడ్చుంటే బాగుండేదమ్మా" అన్నాను.

మడివాళలో చెప్పిన అబద్ధానికి ఏదో ఒక కారణం ఉంది. నా పెళ్ళి కావాలని చెప్పింది. అది నేను ఎలాగో మింగగలిగేదాన్ని. కానీ మూడేళ్ళు, వారానికి ఒకసారి, నా ఊపిరి ఆమె మొహానికి తగిలేంత దగ్గరగా కూర్చుని, తన గడ్డం కొంగుతో కప్పుకుని, నేనొక్కదాన్నే ఇలా పుట్టానని నన్ను నమ్మనిచ్చింది. పెదవి కాల్చుకున్నప్పుడు కూడా చెప్పలేదు. వెన్న రాస్తూ కూడా చెప్పలేదు.

నేను పోవడానికి లేస్తే అమ్మ చెయ్యి పట్టుకుంది. "వస్తా. వచ్చి ఆయమ్మతో చెప్తా, నీకు తెలీదని. మీ నాయనతో మాత్రం ఏమీ అనొద్దు." నేను తల ఊపాను. కిందికి దిగేటప్పుడు నాన్న, "అప్పుడే పోతా ఉండావే, సంగటి తిని పోరాదా" అన్నాడు. ఆకలి లేదన్నాను.

అత్తమ్మ ఏమైందని అడిగితే, అమ్మే వచ్చి చెప్తుందన్నాను. అమ్మ గడ్డం సంగతి మాత్రం నేను చెప్పలేదు. చెప్పి ఉంటే నా మాట సగం నమ్మేవాళ్ళేమో. కానీ అది నాన్న చెవిన పడుతుందని భయం. అదీగాక అది నాది కాదు, చెప్పడానికి.

మూడు వారాలు ఎదురుచూశాను. జట్కా చప్పుడు వినిపిస్తే వాకిట్లోకి పోయి చూసేదాన్ని. చివరికి ఒక ఆదివారం అమ్మ వచ్చింది. అరటిపళ్ళ గెల, కొబ్బరికాయలు, అత్తమ్మకు ఒక చీర తెచ్చింది. ఆయన ఇంట్లో లేరు. ఇద్దరూ ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. నేను వంటింట్లో కాఫీ కలిపి, రెండు లోటాలూ చేతుల్లో పట్టుకుని, తలుపు వెనక నిలబడ్డాను. ఆ మాట అయిపోయాక లోపలికి పోదామని.

రేషను బియ్యంలో రాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. కిరోసిను గురించి మాట్లాడుకున్నారు. మడివాళలో వంకాయలు ఎంత లేతగా ఉంటాయో అమ్మ చెప్పింది. తర్వాత అత్తమ్మే అంది.

"మీ పాప చెప్పింది, మీరు నాతో ఏదో మాట్లాడల్లని ఉండారని."

నేను తలుపుకు చెవి ఆనించాను.

"అట్లాంటిదేం లేదమ్మా" అంది అమ్మ. "సుమ్నె, ఊరికే చూసి పోదామని వచ్చినా."

అమ్మ చీర రంగు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. తర్వాత పోయొస్తానని లేచింది. "పాప యాడ?" అని అడగడం వినిపించింది. నేను కదలలేదు. జట్కా పోయిన చప్పుడు విన్నాను.

అత్తమ్మ వంటింట్లోకి వచ్చేసరికి నేను ఇంకా తలుపు వెనకే ఉన్నాను. కాఫీ మీద మీగడ కట్టేసింది. ఆమె రెండు లోటాలూ నా చేతుల్లోంచి తీసుకుని పొయ్యి గట్టు మీద పెట్టింది.

"నీకు తెలీదు" అంది. "నేనే దోవ ఇచ్చినా మీ అమ్మ దాటేసి చీర మాట ఎత్తింది, నీతో కూడా ఇట్లనే చేసుంటాది. ఇప్పుడు నమ్మినా. వానితో నేను చెప్తా."

ఆమె చెప్పింది. ఆయన నన్ను క్షమాపణ అడగలేదు, నేనూ ఆశించలేదు. మూడు నాలుగు నెలలకు, ఒకనాడు అన్నం తింటూ, ఏదో ఆఫీసు సంగతి చెబుతూ నా కళ్ళలోకి చూశారు. చూశానని ఆయనకే తెలిసినట్టు లేదు. అత్తమ్మకు ఆ పని చూడటం ఇష్టముండేది కాదు. పెరట్లో వద్దు, లోపల చేసుకో అనేది. అయితే గడియ వేసుకోమని ఎన్నడూ అనలేదు. నేను వేసుకోనూ లేదు. ఆమె ఆ గదిలోకి కావలసిన దానికి వచ్చి పోతుండేది.

కాటన్‌పేటకు పండగలకు పోయేదాన్ని. అమ్మతో బాగానే ఉండేదాన్ని. వంటలో సాయం చేసేదాన్ని, ఆమె పెట్టింది తినేదాన్ని. ఆమె పోగు తీసి "రా పాపా, కూర్చో" అంటే, నిన్ననే చేసుకున్నానమ్మా అనేదాన్ని. నాన్నకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు. ఆయన పోయేదాకా ఆయనకు తెలియలేదనే అనుకుంటున్నాను.

రెండేళ్ళకు నేను నీళ్ళోసుకున్నప్పుడు ముందుగా అత్తమ్మకు చెప్పాను, తర్వాత ఆయనకు. కాటన్‌పేటకు కబురు పంపాలని ఆమె రెండుసార్లు గుర్తు చేసింది. పంపుతానన్నాను, పంపలేదు. ఐదో నెలలో ఎవరో మార్కెట్లో చెప్పగా విని అమ్మ పరుగున వచ్చింది. ఎండలో వచ్చినందుకు మొహం మీది పసుపు చెమటకు చారలు కట్టింది.

"నాతో యాల చెప్పలేదు పాపా?" అంది.

"చెప్పాలనిపించలేదమ్మా" అన్నాను.

అది నిజం. కోపంతో అన్నది కాదు. ఆమె చాప మీద కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది. తాగి, లోటా కింద పెట్టి, ఎన్నో నెల అని అత్తమ్మను అడిగింది.